మంత్రిగారు ముట్టుకున్న పిడి

"మా ప్రభుత్వంలో వైరస్‌కి నిలువ నీడ లేదు!" అని ఆరోగ్యమంత్రిగారు ప్రకటించేశారు. పెద్దాసుపత్రిలో కొత్తగా కట్టిన పసిపిల్లల వార్డు ముందు నిలబడి, జలుబుతో బొంగురుపోయిన గొంతుతో ప్రకటించారు. వైరస్ కూడా వినే ఉంటుంది. ఆయన ముక్కులోనే ఉంది కదా, దూరమేం కాదు.

ప్రకటన పూర్తవుతూనే పెద్ద తుమ్ము వచ్చింది. మంత్రిగారు సంస్కారవంతులు, జనం మీద తుమ్మరు. అరచేతిలో తుమ్మి, అదే చేత్తో తళతళలాడే స్టీలు పిడి పట్టుకుని వార్డు తలుపు తోశారు. ప్రారంభోత్సవం అయిపోయింది.

పక్కనే వంగి నిలబడ్డ సూపరింటెండెంటు ఇదంతా కళ్ళారా చూసి చప్పట్లు కొట్టాడు. ఆయన చదువుకున్న డాక్టరు. స్టీలు మీదా ప్లాస్టిక్ మీదా ఈ వైరస్ రోజుల తరబడి ఉండగలదనీ, సబ్బునీళ్ళు తగిలితే చస్తుందనీ ఆయనకి తెలుసు. తన సర్వీసు పొడిగింపు ఫైలు మంత్రిగారి బల్ల మీదుందని ఇంకా బాగా తెలుసు. ప్రారంభోత్సవం కోసం పొద్దున్నే పిల్లల్ని తెచ్చి నింపిన ఆ వార్డులోనే ఆయన కూతురూ, నెలలు నిండకుండా పుట్టిన మనవరాలూ ఉన్నారు.

మంత్రిగారి కారు గేటు దాటగానే ఆయా తడిగుడ్డతో వచ్చి పిడి మీద చెయ్యి వెయ్యబోయింది.

"ఆగు!" అని ఒక కేక. కేక వేసినవాడు పార్టీ కార్యకర్త. ఏ సభలోనైనా మొదటి చప్పట్లు అతనివే కాబట్టి అందరూ అతన్ని 'చప్పట్లు' అనే పిలుస్తారు. "మా అన్న చెయ్యి పడ్డ పిడి తుడిచేస్తావా? నిన్నెవరు పంపారు, ప్రతిపక్షం వాళ్ళా?"

ఆయా సూపరింటెండెంటు వైపు చూసింది. ఆయన పైన తిరుగుతున్న ఫ్యాన్ వైపు చూశాడు.

సాయంత్రానికి పిడి చుట్టూ ఎర్రరంగుతో గుండ్రం గీశారు. పైన బోర్డు: 'గౌరవ మంత్రివర్యుల స్పర్శ. తుడవరాదు.' మర్నాటికి లిఫ్టు బటన్‌కీ, మంత్రిగారు ఆనుకున్న బల్లకీ కూడా ఎర్ర గుండ్రాలు పడ్డాయి. చివరికి చేతులు కడుక్కునే కుళాయికీ పడింది. దాన్ని మంత్రిగారు స్వయంగా తిప్పి ప్రారంభించారు కాబట్టి ఇంకెవరూ తిప్పకూడదు.

ఇక జనం! పిడి పట్టుకుని ఫొటో దిగేవాళ్ళు, టికెట్టు రావాలని దాన్ని ముద్దుపెట్టుకునేవాళ్ళు. దగ్గుతూ వచ్చినవాడు దగ్గుతూ పట్టుకున్నాడు, దగ్గు లేనివాడు పట్టుకుని తెచ్చుకున్నాడు. ప్రజాస్వామ్యంలో అందరికీ అందుబాటులో ఉన్న ప్రభుత్వ సేవ ఇదొక్కటే.

ముందు నర్సు మూలిగింది. తర్వాత తలుపు పక్క మంచాల్లో పిల్లలు మూలిగారు. అప్పుడొచ్చింది సూపరింటెండెంటుగారి భార్య, చేతిలో సబ్బునీళ్ళ గిన్నెతో.

"అమ్మా, అది మా అన్న చెయ్యి," అన్నాడు చప్పట్లు అడ్డం నిలబడి.

"మీ అన్న చెయ్యి మీ అన్నకే ఉంది కదయ్యా, పట్టుకుపోయాడు. ఇక్కడుంది ఆయన చీమిడి. జరుగు!"

"ఏమేవ్, నువ్వు ఊరుకో," అన్నాడు సూపరింటెండెంటు చెమటలు తుడుచుకుంటూ.

"ఊరుకోవాలా? లోపల పిల్ల పిడికెడు లేదు. దానికి జ్వరమొస్తే మీ పొడిగింపు ఎవరికండీ, నెత్తికి రాసుకోనా?"

ఆయనకి పౌరుషం వచ్చింది. వెంటనే ధైర్యమైన నిర్ణయం తీసుకున్నాడు. పిడి జోలికి పోలేదు. కూతుర్నీ మనవరాల్నీ మాత్రం వెనక మెట్ల మీదుగా గుట్టుచప్పుడు కాకుండా పాత స్టోర్ రూములోకి మార్చేశాడు. ఆ గది గోడలూ గడియా భార్య సబ్బుతో కడిగింది. మిగతా పిల్లలు వార్డులోనే ఉన్నారు. వాళ్ళకి తాతలు సూపరింటెండెంట్లు కారు మరి.

పిల్లలకి జ్వరాలని పేపర్లో పడింది. మంత్రిగారు పరామర్శకి దిగారు, వెనక కెమెరాలు. వార్డు ముందుకొచ్చి ఎర్ర గుండ్రం చూసి ఆగారు.

"ఏమిటిది?"

"మీ స్పర్శే అన్నా! అప్పట్నుంచీ గుడ్డ తగలనివ్వలేదు. ఊరు ఊరంతా వచ్చి ముట్టుకుంది!" అన్నాడు చప్పట్లు, కళ్ళు చెమర్చగా.

మంత్రిగారి చేతులు రెండూ జేబుల్లోకి వెళ్ళిపోయాయి. సూపరింటెండెంటు చెవి దగ్గరికి వంగి నెమ్మదిగా అడిగారు. "ఏమయ్యా డాక్టరూ, ఈ ఆస్పత్రిలో నేను ముట్టుకోని తలుపేదైనా ఉందా?"

పై అధికారి అడిగితే లేదనడం సూపరింటెండెంటుకి సర్వీసులో అలవాటు లేదు. "ఉంది సార్! వెనక స్టోర్ రూమ్, అద్దంలా ఉంటుంది, ఒక బేబీ కూడా ఉంది సార్!" అని నోరు జారింది.

అంతా అక్కడికి నడిచారు. అమ్మమ్మ ఒళ్ళో పాప నిద్రపోతోంది. మంత్రిగారు కెమెరాల వైపు తిరిగి నవ్వారు, ఒకసారి పిడికిట్లో దగ్గారు, ఆ చేత్తోనే పాప బుగ్గ నిమిరారు. ఫ్లాష్‌లు మెరిశాయి. వెంటనే జేబులోంచి శానిటైజర్ సీసా తీసి, ధారగా పోసుకుని, చేతులు మోచేతుల దాకా రుద్దుకున్నారు.

అమ్మమ్మ పక్కనున్న తడిగుడ్డ అందుకుంది.

"అమ్మా, ఆగండి!" అన్నాడు చప్పట్లు.

ఆమె మొగుడి వైపు చూసింది. ఆ గదిలో ఫ్యాన్ లేదు. సూపరింటెండెంటు పైకి చూస్తూనే ఉన్నాడు.