మూడు లక్షల పీట

లోకంలో ధర పడని వస్తువు ఒకే ఒక్కటి: ఎవరూ కొననిది. ఈ మహాసత్యాన్ని ఆర్థికశాస్త్రవేత్తలు ఇంకా గ్రంథాలలో వెతుక్కుంటూ ఉండగానే, ఉత్తర చైనాలోని చింగ్‌ఫు పట్టణంలో ‘వెనిస్ రాజోద్యానం’ అనే నివాస సముదాయం దాన్ని ఆచరణలో పెట్టి ఒక ఇత్తడి ఫలకం కూడా సంపాదించింది. (ఉద్యానమంటే రెండు రేగుచెట్లు. వెనిస్ అంటే మూడో బ్లాకు ముందు పగిలిన నీళ్ళ పైపు. రాజు ఎవరన్నది ఇంతవరకూ తేలలేదు.)

ఊరంతా ఇళ్ళ ధరలు నెలనెలా జారిపోతుంటే, రాజోద్యానంలో మాత్రం పద్నాలుగు నెలలుగా చదరపు మీటరు పదకొండు వేల రెండు వందల యువాన్ల దగ్గర గుంజకు కట్టినట్టు ఉండిపోయింది. ఈ పద్నాలుగు నెలల్లో అక్కడ ఒక్క ఇల్లు కూడా అమ్ముడుపోకపోవడమే ఈ ఘనతకు మూలమని పట్టణ గృహధరల స్థిరత్వ కార్యాలయం తన నివేదికలో మనస్ఫూర్తిగా మెచ్చుకుంది.

ఈ ఘనత వెనుక ఉన్నది యజమానుల సంఘం, దాని ఫోను గ్రూపు, ఆ గ్రూపులో పొద్దున్నే అందరికంటే ముందు లేచి కూసే అధ్యక్షుడు చియూ మాస్టారు. ఆయన రిటైరైన ఫిజిక్స్ పంతులు. వస్తువులు కిందికి ఎందుకు పడతాయో ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు చెప్పిన మనిషి, పడకుండా ఆపే బాధ్యతను ఇప్పుడు తలకెత్తుకున్నాడు. సంఘం తీర్మానంలో మొత్తం తొమ్మిది క్లాజులున్నాయి. ఒకటి, తీర్మానించిన ధరకు తక్కువ ఎవరూ అమ్మరాదు. రెండు, అద్దెకూ ఇవ్వరాదు (అద్దెకిస్తే అమ్ముడుపోలేదని లోకానికి తెలుస్తుంది). ఆరు, ఇల్లు చూడవచ్చినవారి ఎదుట యజమాని నిట్టూర్చరాదు.

తాన్ యూజెన్‌కు ఆరో క్లాజుతోనే చిక్కు. ఆమె ఇల్లు ఆరో అంతస్తులో. లిఫ్టు లేదు. నూలుమిల్లులో ముప్పై ఏళ్ళు దారాలు అతికిన ఆమె కాళ్ళు ఎలాగో ఎక్కుతాయి, దిగుతాయి. ఆమె భర్త గెంగ్ మాత్రం చలికాలం చివర్లో పక్షవాతం వచ్చి, ఎడమకాలు పడిపోయి, ఆసుపత్రి నుంచి ఇద్దరు మేనల్లుళ్ళు మోసుకొస్తే ఇంట్లోకి వచ్చినవాడు మళ్ళీ గుమ్మం దాటలేదు. దేశమంతా లారీ నడిపిన మనిషి. ఇప్పుడు అతని ప్రయాణం మంచం నుంచి కిటికీకి, కిటికీ నుంచి మంచానికి. లిఫ్టు పెట్టిద్దామని యూజెన్ సంఘాన్ని అడిగింది. లిఫ్టు వస్తే తమ ఇళ్ళ ధర పడిపోతుందని కింది అంతస్తువాళ్ళు అభ్యంతరం చెప్పారు. అభ్యంతరం న్యాయమైనదని సంఘం రాసుకుంది.

రోడ్డుకు అవతల పాత నూలుమిల్లు క్వార్టర్లలో కింది అంతస్తు ఇల్లొకటి అమ్మకానికి ఉంది. ఐదు లక్షల తొంభై వేలు. తలుపు తీస్తే వాకిలి, వాకిట్లో రోజూ చదరంగం ఆడే నలుగురు ముసలాళ్ళు. యూజెన్ ఆ ఇంటిని ఫోనులో ఫొటో తీసి భర్తకు చూపించింది. అతను ఇంటిని చూడలేదు, చదరంగం బల్లనే పెద్దది చేసి చూశాడు.

"ఆ టోపీవాడు గుర్రాన్ని తప్పు గడిలో పెట్టాడే ముసలీ," అన్నాడు. "వీణ్ణి రెండు రోజుల్లో ఏడిపించొచ్చు."

ఆరు నెలల్లో అతను దేనిమీదైనా మనసు పడటం అదే మొదటిసారి. చలికాలం హీటింగు మొదలయ్యేలోపు ఎలాగైనా ఆ ఇల్లు కొనాలని యూజెన్ అప్పటికప్పుడే నిశ్చయించుకుంది. కొనాలంటే ముందు ఇది అమ్మాలి.

కొనేవాడు దొరికాడు కూడా. డింగ్ అనే కుర్రవాడు, పార్సిళ్ళు పంచే ఉద్యోగం, కొత్త సంవత్సరానికి పెళ్ళి. ఆరంతస్తులు ఆగకుండా ఎక్కొచ్చి, ఆయాసపడకుండా, చదరపు మీటరుకు ఏడువేల ఐదు వందలు ఇస్తానన్నాడు. ఎనభై రెండు చదరపు మీటర్లకు ఆరు లక్షల పదిహేను వేలు. యూజెన్ సరేనంది. ఇల్లు చూపించడానికి వచ్చిన బ్రోకరు పిల్ల చిన్న లూ (నల్లకోటు, కింద అరిగిపోయిన క్యాన్వాస్ బూట్లు, ఏడాదిగా ఒక్క బేరమూ లేదు) సంతోషం పట్టలేక గెంగ్‌ను కూడా కౌగిలించుకుంది.

మర్నాడు రిజిస్ట్రేషన్ కార్యాలయంలో నాలుగో కిటికీ దగ్గరి గుమాస్తా కాగితాలు చూసి, కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మీ సముదాయం మార్గదర్శక ధర పదకొండు వేల రెండు వందలు. మీరు రాసింది ఏడున్నర వేలు. కంప్యూటర్ ఒప్పుకోదండీ."

"అమ్మేది నేను, కొనేది ఇతను. మధ్యలో కంప్యూటర్ ఎవరు నాయనా?"

"ధర పడితే జనం ఆందోళన చెందుతారండీ."

"కంప్యూటర్‌ని ఒక్క వారం మా ఆరో అంతస్తులో ఉండమను. ఏం చెందుతుందో చూద్దాం."

గుమాస్తా నవ్వలేదు. కిటికీ పక్కన ‘సలహాల పెట్టె’ ఉందని మాత్రం చూపించాడు.

సాయంత్రానికి సంగతి సంఘానికి చేరింది. చియూ మాస్టారు ప్రతి అంతస్తులో ఆగుతూ ఆరంతస్తులూ ఎక్కి వచ్చాడు. యూజెన్ ఇచ్చిన వేడినీళ్ళు తాగి, ఊపిరి తీసుకుని, చిలక్కి చెప్పినట్టు చెప్పాడు.

"చూడమ్మా తాన్, నువ్వు అమ్మేది ఒక్క నీ ఇల్లు కాదు. రెండు వందల పన్నెండు ఇళ్ళ ధర నీ చేతిలో ఉంది. నువ్వు ఏడున్నరకు అమ్మితే రేపు పొద్దున్నకి మేమందరం బీదవాళ్ళం."

"ఇప్పుడు మాత్రం గొప్పవాళ్ళమా మాస్టారూ?"

"కాగితం మీద గొప్పవాళ్ళం," అన్నాడాయన, ఎంతో నిజాయితీగా.

"మాస్టారూ, ఎలాగూ ఎక్కొచ్చారు కదా," అన్నాడు మంచం మీంచి గెంగ్, "దిగేటప్పుడు నన్ను కూడా భుజానేసుకు పోరాదూ?"

మాస్టారు ఇంకో గ్లాసు నీళ్ళు అడిగాడు.

ఇలా అడకత్తెరలో పోకచెక్కలా ఉన్న సమయంలో చిన్న లూకు ఒక ఆలోచన తట్టింది. ఏడాదిగా జీతం లేనివాళ్ళకు తట్టే ఆలోచనలు చాలా చురుగ్గా ఉంటాయి.

"పిన్నీ, ఇల్లు తీర్మానం ధరకే అమ్ముదాం. తొమ్మిది లక్షల పద్దెనిమిది వేల నాలుగు వందలు. కంప్యూటర్ సంతోషం, మాస్టారు సంతోషం. అదే రోజు నువ్వు డింగ్ దగ్గర ఏదైనా ఒక వస్తువు కొను. మూడు లక్షల మూడు వేల నాలుగు వందలకి."

"అంత వస్తువు వాడి దగ్గరేముంది?"

డింగ్ కాసేపు తల గోక్కున్నాడు. "మా నాయనమ్మ పీట ఉందండీ. చెక్కది. దానిమీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంది."

"మూడు లక్షలు పోసి కొన్న పీట మీద కూర్చోవాలా, దాని ముందు అగరొత్తులు వెలిగించాలా?" అంది యూజెన్. కానీ ఒప్పుకుంది. ఇంటికి ఒక ఒప్పందం, పీటకు ఒక ఒప్పందం తయారయ్యాయి. కావలసిందల్లా బ్యాంకు డింగ్‌కు అప్పు మంజూరు చేయడమే. దానికి మూడు వారాలన్నారు.

మూడు వారాలు నోరు మూసుకునే శక్తి చిన్న లూకు లేదు. (ఎవరికి మాత్రం ఉంది? ఆమె కట్టవలసిన అద్దె ఆమెకుంది.) బ్యాంకు అప్పు అక్కర్లేని తన కొనుగోలుదార్లిద్దరికి ఆ కిటుకు చెవిన వేసింది. వారం తిరక్కుండా రెండో బ్లాకులో ఒక ఇల్లు, ఐదో బ్లాకులో ఒక ఇల్లు చదరపు మీటరు పదకొండు వేల రెండు వందలకు అమ్ముడుపోయాయి. వాటితోపాటు ఒక పీట రెండు లక్షల ఎనభై వేలకు, కాలు విరిగిన ఇంకో పీట మూడు లక్షల పది వేలకు చేతులు మారాయి. చియూ మాస్టారు గ్రూపులో పదిహేడు ఆశ్చర్యార్థకాలు పెట్టాడు. మార్కెట్ కోలుకుందని, ఓపిక పట్టినవారికే ఫలమని, తీర్మానంలోని ప్రతి అక్షరమూ నిజమైందని రాశాడు. పీటల ప్రస్తావన అందులో లేదు.

పీటల సంగతి జనం వేరేగా తెలుసుకున్నారు. పొరుగు జిల్లా నుంచి ఒకాయన లారీనిండా పీటలు తెచ్చి గేటు ముందు దించి, ఒక్కటి కూడా అమ్మకుండా వాటి మధ్యే కూర్చున్నాడు. అడిగితే "ఇంకా పెరుగుతుంది" అన్నాడు. పాత పీటలున్న ఇళ్ళలో అన్నదమ్ములు పంపకాలు మళ్ళీ తిరగదోడారు. పెళ్ళి సంబంధాలు చూసేవాళ్ళు అబ్బాయికి ఇల్లుందా అని అడగడం మానేసి, ఎన్ని పీటలున్నాయని ఆరా తీయసాగారు. ఇరవై ఏళ్ళ కిందట ఇళ్ళను చూసి ఎలా వెర్రెత్తిపోయారో అచ్చం అలాగే.

ఈ వేడి చివరికి డింగ్ నాయనమ్మను కూడా తాకింది. బ్యాంకు అప్పు మంజూరైన రోజున ఆ పెద్దావిడ పీట మీద కూర్చుని లేవనంది.

"కాలు విరిగినదానికే మూడు లక్షల పది వేలంట. నా పీటకి నాలుగు కాళ్ళూ ఉన్నాయి. మూడు లక్షల నలభైకి ఒక్క యువాను తగ్గినా ఇవ్వను."

"నాయనమ్మా, అది పీట కాదే, నాకిచ్చే తగ్గింపు!" అని డింగ్ నెత్తీ నోరూ కొట్టుకున్నాడు.

"నోర్ముయ్యి. ధర పెరిగేటప్పుడు అమ్ముకునేవాడు వెర్రివాడు. మీ తాత ఆ రోజుల్లో బస్టాండు పక్క స్థలం ఇలాగే అమ్ముకుని చచ్చేదాకా ఏడ్చాడు."

యూజెన్ లెక్క చూసుకుంది. మూడు లక్షల నలభై వేలు పీటకు పోతే మిగిలిన దానితో మిల్లు క్వార్టరు రాదు. ఆమె వారం పాటు రోజూ ఆ ముసలావిడ ఇంటికి వెళ్ళి, నేల మీద కూర్చుని, ఆమెతోపాటు చిక్కుడుకాయలు ఒలిచింది. భర్త కాలు సంగతి చెప్పింది. చదరంగం సంగతి చెప్పింది. ఏడో రోజున ముసలావిడ కళ్ళు తుడుచుకుని మూడు లక్షల పాతిక వేలకు దిగింది. క్వార్టరు ధర ఐదు లక్షల తొంభై వేలు పోను ఇంకా మూడు వేల నాలుగు వందలు మిగులుతుంది. సామాను మోసేవాళ్ళకు సరిపోతుంది. శుక్రవారం బేరం కుదిరింది, సోమవారం రిజిస్ట్రేషన్. ఆ రాత్రి గెంగ్ చదరంగం బలగం పెట్టె దింపించి, ఒక్కొక్క గుండ్రటి బిళ్ళనూ తడిగుడ్డతో తుడిచాడు.

శనివారం స్థిరత్వ కార్యాలయం ప్రకటన వెలువడింది. పట్టణంలో గృహధరలు సంపూర్ణంగా స్థిరంగా ఉన్నాయనీ, అయితే చెక్క పీటల సగటు ధర నెల రోజుల్లో ఏడు వేల రెట్లు పెరిగి ప్రజాజీవనానికి భారమైందనీ అందులో ఉంది. ‘పీటలు కూర్చోవడానికే గాని సట్టా వ్యాపారానికి కావు’ అన్న నినాదాన్ని ఎర్రగుడ్డ మీద రాసి గేటుకు కట్టారు. ఇకపై కుటుంబానికి ఒక్క పీట. రెండోది కొనేవారు అరవై శాతం సొమ్ము ముందుగా చెల్లించాలి. బయటి జిల్లావారు ఐదేళ్ళు వరసగా పన్ను కట్టిన రుజువు చూపాలి. ప్రతి పీట ఒప్పందాన్నీ రిజిస్టరు చేయించాలి. కొన్న పీటను మూడేళ్ళదాకా అమ్మరాదు. గరిష్ఠ ధర అరవై యువాన్లు.

సోమవారం నాలుగో కిటికీ గుమాస్తా రెండు ఒప్పందాలనూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

"ఇంటి ధర సరిగ్గా ఉందండీ. పీట ధర ఎక్కువైంది. కంప్యూటర్ ఒప్పుకోదు."

"మొన్న తక్కువైందన్నావు."

"మొన్న ఇల్లండీ. ఇవాళ పీట."

డింగ్ తన పీటను చంకలో పెట్టుకుని, క్షమించమన్నట్టు నిలబడ్డాడు. నవంబరు రెండో వారంలో మిల్లు క్వార్టరును ఇంకెవరో కొనుక్కున్నారు. ఆ కబురు తెలిసిన రోజున యూజెన్ కూరల సంచితో నాలుగో అంతస్తు దాకా ఎక్కి, మెట్ల మీద కూర్చుని, సంచిలో మొహం పెట్టుకుని ఏడ్చింది. ముప్పై ఏళ్ళు మిల్లులో నిలబడి సంపాదించిన ఇల్లు ఇప్పుడు తన మొగుడికి జైలు. తాళం మాత్రం తన దగ్గరే ఉంది, అదే ఆమె గుండెను కోసింది. తర్వాత లేచి మిగిలిన రెండంతస్తులూ ఎక్కింది.

"కుదర్లేదా?" అన్నాడు గెంగ్.

"కుదర్లేదు."

అతను కిటికీవైపు తిరిగి, "పోనీలే," అన్నాడు. "ఆ టోపీవాడు బతికిపోయాడు."

డిసెంబరులో రాష్ట్ర రాజధాని నుంచి పరిశీలన బృందం వచ్చింది. చియూ మాస్టారు వారికి ఇత్తడి ఫలకం, రేగుచెట్లు, ఖాళీ ఇళ్ళకు వేలాడదీసిన ఎర్ర లాంతర్లు చూపించాడు. ఆరో అంతస్తువాసిని కూడా పరామర్శిస్తామని మెట్లెక్కడం మొదలుపెట్టి, మూడో అంతస్తులో బృంద నాయకుడు గోడ పట్టుకుని ఆగాడు. పైనుంచి దిగివస్తున్న యూజెన్ ఎదురైంది.

"మీ ఆయన ఇంట్లో ఉన్నారామ్మా?"

"ఉన్నాడు. తొమ్మిది నెలలైంది ఆ గుమ్మం దాటి."

"తొమ్మిది నెలలా!" అని నాయకుడు నోరు తెరిచాడు. వెనకనున్న బృందం గుమాస్తా రాసుకున్నాడు. బృందం అక్కడి నుంచే వెనుదిరిగింది.

పది రోజుల తర్వాత నివేదికలోని ఒక భాగాన్ని గేటు దగ్గరి బోర్డులో గాజు వెనుక పెట్టారు. యూజెన్ నిలబడి ఆసాంతం చదివింది. గెంగ్ గారు స్వగృహం మీది మమకారం కొద్దీ తొమ్మిది నెలలుగా గుమ్మమైనా దాటలేదనీ, ఇలాంటి యజమానులున్నంతకాలం ధర పడబోదనీ, వారిని ఈ ఏటి ‘ఆదర్శ గృహస్థు’గా ఎన్నుకున్నామనీ ఉంది. కింద చిన్న అక్షరాలలో ఇంకో వాక్యం ఉంది: బహుమతిని గ్రహీత స్వయంగా కింది అంతస్తులోని సంఘం హాలుకు వచ్చి అందుకోవాలి, బదులు మనిషిని పంపితే ఇవ్వబడదు.