రెండో సీటు బరువు

మా పళ్ల డాక్టరుగారు విమానం కొన్నారన్న శుభవార్తను పాఠకులకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. పెద్ద విమానం కాదు. ఇద్దరు మనుషులు పక్కపక్కన కూర్చుని, మోచేతులు ముడుచుకుని, ఒకరి తర్వాత ఒకరు ఊపిరి పీల్చుకుంటే సరిపోయే తేలికపాటి రకం. అయినా విమానం విమానమే. కార్లున్నవాళ్లు మా ఊళ్లో కొల్లలు. వాళ్లను ఎవరూ రెండోసారి తలతిప్పి చూడరు.

విమానం వచ్చిన రోజున ఊరి బయట దాన్ని నిలిపే షెడ్డు ముందు సభ జరిగింది. డాక్టరుగారు రెక్క మీద చెయ్యి ఆనించి ప్రసంగించారు. "మిత్రులారా, ఇది నా ఒక్కడి విమానం కాదు, మా కుటుంబానిది. రెండో సీటు మా ఆవిడది. ముందుగా ఆవిడని ఎక్కించుకుని నది సముద్రంలో కలిసేచోటు చూపిస్తాను. ఇంకెవరైనా ఆ తర్వాతే." మిత్రబృందం చప్పట్లు కొట్టింది. ఆవిడ కూడా కొట్టింది, అందరికంటే ఆఖరున ఆపింది.

ఆవిడ బడిలో భూగోళం చెబుతుంది. నది పాయలుగా చీలి సముద్రంలో కలవడాన్ని ఏటేటా నల్లబల్ల మీద గీస్తుంది, గంట కొట్టగానే చెరిపేస్తుంది. ఒకసారి వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "మీరు చూశారా టీచర్?" అని అడిగింది. "లేదమ్మా, పుస్తకంలో ఉంది," అని చెప్పింది. ఆ రోజు నుంచి ఆ బొమ్మ గీయాలంటే ఆవిడకు ఏదో అబద్ధం చెబుతున్నట్టు ఉండేది. ఒక్కసారి పైనుంచి చూడాలి. విమానం నుంచి ఆవిడ కోరింది అంతే.

విమానం లోపల మీటల పక్కన ఒక చిన్న రేకు ఉంది. మనుషులు, ఇంధనం, సామాను అన్నీ కలిపి ఇంతకు మించి మోయనని దాని మీద రాసి ఉంది. డాక్టరుగారు మా సమక్షంలో బరువులన్నీ కూడి చూశారు. ఎక్కువొచ్చింది. మళ్లీ కూడారు. మొండి లెక్క, మాట వినలేదు. అప్పుడు తగ్గించదగిన అంశాలను ఒక్కొక్కటిగా పరిశీలించారు. ఇంజను తీయడానికి వీల్లేదు. రెక్కలు తీస్తే అందం పోతుంది. ఇంధనం తగ్గిస్తే సముద్రం దాకా వెళ్లడం ఖాయం, తిరిగి రావడం చర్చనీయాంశం. ఇక మిగిలింది వాళ్లావిడే.

"నువ్వు కాస్త తగ్గితే సరిపోతుంది," అన్నారు డాక్టరుగారు ప్రేమగా.

"ఎంత తగ్గమంటారు?"

"అది నేను చెప్పేది కాదు, విమానం చెప్పాలి."

ఇక్కడ మా షెడ్డు సంప్రదాయం ఒకటి వివరించాలి. మేము యజమానిని తూచము. ఆయన బరువు లైసెన్సు కోసం వైద్యపరీక్ష చేయించుకున్ననాటి బరువు. సంతకం, ముద్ర పడిన బరువు. ఆ తర్వాత ఒంటికి ఏం జరిగినా అది అనధికారికం. ఆ పరీక్ష జరిగి చాలా ఏళ్లయిందనీ, ఒంటికి జరిగినది ఎక్కువగా నడుము ప్రాంతంలోననీ అందరికీ తెలుసు. కానీ తెలియడం వేరు, నమోదు కావడం వేరు.

ఆవిడ రాత్రి భోజనం మానేసింది. టీలో చక్కెర మానేసింది. ఆదివారాలు పొద్దున్నే టోపీ పెట్టుకుని, బూట్లు వేసుకుని వ్యాయామానికి వెళ్లసాగింది. "క్రమశిక్షణ అంటే అదీ," అని డాక్టరుగారు మెచ్చుకున్నారు. నోట్లో వేరుశనగలు ఉండటం వల్ల మాకు ఆ మాట సగమే వినపడింది.

ఏనుగును కొన్నవాడు అంకుశానికి వెనకాడకూడదు. డాక్టరుగారు విమానం బాగోగులు స్వయంగా చూసుకునే శిక్షణ కూడా పొందారు. ఆదివారమంతా మేము మడతకుర్చీలు వేసుకుని కూర్చుంటే, ఆయన మెత్తటి గుడ్డతో రెక్కలు తుడిచేవారు. బోల్టులు బిగించేవారు. సరిగ్గా బిగించారో లేదో చూడటానికి విప్పేవారు. ఎగరడం మాత్రం అరుదు. ఎగిరితే పురుగులు వచ్చి అద్దానికి కొట్టుకుంటాయి, పాలిష్ పోతుంది. ఇంత శ్రద్ధగా చూసుకునే వస్తువును గాల్లోకి పంపడానికి ఏ బాధ్యతగల మనిషికి మనసొప్పుతుంది?

ఆవిడ తగ్గమన్నంత తగ్గింది. ఆ వారమే సీట్లకు తోలు తొడుగులు వచ్చాయి. లెక్క మళ్లీ పెరిగింది. ఆవిడ మళ్లీ తగ్గింది. మొదటి రేడియో చెడిపోతే పనికొస్తుందని రెండో రేడియో వచ్చింది. మొదటిది అప్పటికి ఎవరితోనూ మాట్లాడి ఎరగదు. ఆవిడ రేడియో మేరకు కూడా తగ్గింది. అప్పుడు డాక్టరుగారు ఎంతో మక్కువతో ఒక ఇత్తడి పలక చేయించి ఆ సీటు ముందు బిగించారు. "ఈ ఆసనం నా అర్ధాంగికి అంకితం" అని చెక్కించారు. దిట్టమైన పలక. దాని బరువు వల్ల ఆవిడ ఆ ఆసనంలో కూర్చోవడం మరికొన్నాళ్లు వాయిదా పడింది.

మిత్రబృందం కూడా చేతులు ముడుచుకు కూర్చోలేదు. ఆవిడ బరువు మీద సలహాసంఘంగా ఏర్పడ్డాం. తింటూనే చర్చించేవాళ్లం. చేతిగడియారం ఇంట్లో వదిలి రమ్మని సూచించినది నేనే. ఆ సూచనకు మంచి స్పందన వచ్చింది.

డాక్టరుగారి తల్లి మాత్రం, గాలేస్తే ఎగిరిపోయేంత సన్నటి మనిషి, షెడ్డు మూల కూర్చుని అంతా చూసేది. ఒకరోజు ఉండబట్టలేక అంది: "దాన్నేం తూస్తావురా వారం వారం, పాతపేపర్లలాగ? కాటా మీద నువ్వొకసారి నిలబడు."

"అమ్మా, నాది ధ్రువీకరించిన బరువు."

"నిన్ను మోసి కన్నదాన్ని. నీ బరువు నాకు కాగితం చెప్పాలా?"

వయసు మీద పడ్డవాళ్ల మాటలను సంఘం పరిగణనలోకి తీసుకోలేదు.

ఏడాది తనిఖీకి విమానాల అధికారి వచ్చాడు. పొదుపుగా మాట్లాడే మనిషి. విమానాన్ని తూచాడు. తర్వాత డాక్టరుగారిని కాటా ఎక్కమన్నాడు. అది మా సంప్రదాయం కాదని మనవి చేశాం. అతను వినిపించుకోలేదు. డాక్టరుగారు బూట్లతో ఎక్కారు. దిగి, బూట్లు విప్పి ఎక్కారు. పర్సు తీసేసి, తాళాలు నా చేతికిచ్చి, ఊపిరి బిగబట్టి ఎక్కారు. కాటా మొహమాటపడలేదు.

"మీరు నడిపితే రెండో సీట్లో ఎవరూ ఎక్కకూడదు," అన్నాడు అధికారి.

"మా ఆవిడ బాగా తగ్గిందండీ."

"ఆవిడ పూర్తిగా మాయమైపోయినా కుదరదు. ఒక్కరే వెళ్లండి. ఆవిడ నడిపితే మాత్రం పక్కన ఇంకో సన్నటి మనిషికి చోటుంది."

మేము హాయిగా నవ్వాం. అతను చమత్కారిలా ఉన్నాడనుకున్నాం.

"నడుపుతాను," అందావిడ.

నవ్వు ఇంకా పూర్తికాలేదు మాకు. అధికారి తలూపాడు. "నాకు తెలుసు. మొన్న ఈవిడ లైసెన్సు పరీక్షలో పక్కసీట్లో కూర్చున్నది నేనే."

"ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నారు డాక్టరుగారు.

"అదిగో, ఆ ఎదుటి షెడ్డులో. అక్కడ నేర్పుతారు. ఆదివారం ఆదివారం."

"వ్యాయామం అన్నావు కదా."

"ఏం వ్యాయామమని మీరు అడగలేదు కదండీ."

ఆవిడ స్క్రూడ్రైవరు తీసుకుని ఇత్తడి పలక విప్పి భర్త చేతిలో పెట్టింది. "కాస్త పట్టుకోండి, బరువు," అంది. అత్తగారిని చెయ్యి పట్టి రెండో సీట్లో కూర్చోబెట్టి బెల్టు బిగించింది. విమానం పరుగెత్తింది, లేచింది, చూస్తుండగానే సముద్రం వైపు తిరిగి చుక్కంత అయింది. నా గుప్పెట్లో వేరుశనగలు అలాగే ఉండిపోయాయి. అప్పటికి తినడం మానేసి చాలాసేపైంది.

వాళ్లు తిరిగొచ్చేసరికి అద్దం నిండా పురుగులు. డాక్టరుగారు గుడ్డ తీసుకుని అటు పరుగెత్తారు. ఆవిడ దిగి టోపీ తీసింది. కళ్లు తడిగా ఉన్నాయి. "ఇన్నేళ్లూ తప్పు గీశాను," అంది. "నది సముద్రంలో కలిసి అక్కడితో అయిపోదు. చాలా దూరం దాకా ఆ మట్టిరంగు వేరేగా కనిపిస్తూనే ఉంటుంది. రేపు పిల్లలకి చెప్పాలి."

"ఒక్క కుదుపు లేదు," అంది పెద్దావిడ. "వీడి కార్లో అయితే ఈపాటికి నడుం పోయేది."

ఆ సాయంత్రం సంఘం అత్యవసరంగా సమావేశమైంది. ఆడలేనివాడు మద్దెల ఓడు అన్నట్టు, కాటా మీద అనుమానం వ్యక్తం చేస్తూ ఒక తీర్మానం చేశాం. భార్యను ఇంతదాన్ని చేసినందుకు డాక్టరుగారికి సన్మానం చేయాలని మరొకటి చేశాం. సన్మానం ఘనంగా జరిగింది. పేపర్లో ఆయన ఫొటో కూడా పడింది. "ఆమె తేలికపడటానికి నేను పడని కష్టం లేదు," అని ఆయన ప్రసంగిస్తే సభ కరిగిపోయింది. ఆవిడ రాలేకపోయింది. ఆ వేళకు పెద్దావిడను తీసుకుని కొండల వైపు వెళ్లింది.

ఈ కథ రాసి, మా ఆవిడను పిలిచి మొత్తం చదివి వినిపించాను. నవ్వుతుందనుకున్న చోట్ల నవ్వలేదు. వచ్చే ఆదివారం నుంచి తనూ వ్యాయామానికి వెళ్తానంది. ఆరోగ్యానికి మంచిదేనని ప్రోత్సహించాను. ఏం వ్యాయామమో అడగలేదు. మా ఇళ్లలో ఆ అలవాటు లేదు.