మొంటెరోస్కోలో మూసిన పెట్టె

ఇటలీలోని మా మొంటెరోస్కో పురపాలక సంఘం ఈ మధ్య ఒక మూసిన పెట్టెను ఊరి వారసత్వ సంపదగా ప్రకటించింది. తీర్మానం ఎంతో సముచితమని ముందుగా మనవి చేస్తున్నాను. కిట్టనివాళ్ళు ఏవేవో అంటున్నారు గనుక జరిగింది జరిగినట్టు చెబుతాను.

విశ్రాంత నోటరీ ఎవరిస్తో గ్వాల్ది గారింట్లో తాతలనాటి వస్తువులు చాలా ఉన్నాయి. మా వైపు పాత వస్తువు ఏదైనా తాతలనాటిదే. పొలంలో దొరికిందంటే ప్రభుత్వం పట్టుకుపోతుంది. వాటిలో మణిపూస మెర్క్యురీ దేవుడి కంచు బొమ్మ. జానెడు కూడా ఉండదు. రెక్కల టోపీ, చేతిలో డబ్బు సంచీ, రోమన్ చక్రవర్తుల కాలపు పనితనం. వర్తకులకూ దొంగలకూ కలిపి ఈయనొక్కడే దేవుడు. మా పూర్వులు పొదుపరులు. పెళ్ళి చేసుకోని గ్వాల్ది గారు రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ ఈ దేవుడితోనే లోకాభిరామాయణం చెప్పుకునేవారు. ప్రొఫెసర్ పెర్గోలిని ఒకసారి వచ్చి, భూతద్దంతో పరీక్షించి, "ఇటువంటిది లోకంలో మరొకటి లేదు" అని సెలవిచ్చి, భోంచేసి వెళ్ళారు.

పోయిన శరత్కాలంలో ఆ బొమ్మను జెలిందో ఎత్తుకుపోయాడు. జెలిందో మా ఊరి దొంగ. మర్యాదస్తుడు, తలుపులు పగలగొట్టే అలవాటు లేదు.

గ్వాల్ది గారికి అన్నపానాలు సయించలేదు. దేవుడు పోయిన బాధ ఒక ఎత్తు, ఊరి జాలి ఒక ఎత్తు. టీవీవాళ్ళు వచ్చి, "తాళం కూడా వెయ్యలేదటగా?" అని మూతి దగ్గర మైకు పెట్టేసరికి ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"పోయింది నకలు. అసలు బొమ్మ భద్రంగా పెట్టెలో ఉంది" అన్నారు.

ఇది ఆయన జీవితంలో మొదటి అబద్ధమని స్నేహితులంటారు. బతుకంతా నోటరీగా చేసిన మనిషి గురించి ఆ మాట అనడానికి ధైర్యం కావాలి.

మర్నాడు కాఫీ కొట్లో అందరూ ఉండగా జెలిందో వచ్చి, కాగితం పొట్లం ఆయన బల్లమీద ఠపీమని పడేశాడు.

"సిగ్గుండాలి నోటరీగారూ! పెద్దమనుషుల కొంప కదా అని వస్తే, నకిలీ సరుకు అంటగడతారా? టీవీ చూసి మా ఆవిడ ఒకటే నవ్వు. రేపు నలుగురిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

గ్వాల్ది గారు పొట్లం విప్పారు. రెక్కల టోపీ వేలికి తగలగానే ఆయన కళ్ళు చెమర్చాయి. "పొరపాటైంది జెలిందో, మనసులో పెట్టుకోకు" అన్నారు. అక్కడే ఉన్న పోలీసు అధికారి, వస్తువు తిరిగొచ్చింది గనుక నేరమే జరగలేదని తేల్చి ఇంకో కాఫీ చెప్పారు.

పక్క బల్ల దగ్గరున్న మేయర్ ఫావెట్టి లేచారు. "నకలే కదా నోటరీగారూ, చెస్ట్‌నట్ పండగ లక్కీడ్రాకి ఇచ్చెయ్యండి. అసలుదాన్ని మునిసిపాలిటీ హాల్లో పెడదాం!" కొట్టంతా చప్పట్లు. గ్వాల్ది గారు తలూపారు.

గాలి తగిలితే పాత కంచు పాడవుతుందంటూ ఆయన సీలు వేసిన పెట్టె ఒకటి తెచ్చి ఇచ్చారు. ప్రొఫెసర్ మళ్ళీ విచ్చేశారు. తాను అప్పట్లో చూసిన బొమ్మ నకలని మొదటి చూపులోనే అనుమానించానన్నారు. "పురావస్తువును కాపాడటానికి ఉత్తమ మార్గం దాన్ని ఎవరూ చూడకపోవడమే" అని పెట్టెకు నమస్కరించి భోజనానికి వెళ్ళారు. మేయరు గద్గద స్వరంతో, "సోదరులారా, ఇది పెట్టె కాదు, రెండు వేల ఏళ్ళ మన ఆత్మ!" అన్నారు.

లక్కీడ్రాలో బొమ్మ చీజ్ కొట్టు నొరీనాకు వచ్చింది. భర్త పోయిన మనిషి, నోరు చురుకు. బొమ్మను కాటా పక్కన నిలబెట్టింది. గ్వాల్ది గారు అప్పటినుంచి రోజూ ఆ కొట్టుకే. ఆయనకు చీజ్ పడదు. చివరికి ఒకనాడు ఉండబట్టలేక చెప్పేశారు.

"నిజం చెబుతున్నా నొరీనా, అసలు బొమ్మ ఇదే."

"నాకు సరుకు తెచ్చే ప్రతివాడూ అదే అంటాడులెండి. నన్ను చూడ్డానికి రావాలంటే రండి, దేవుడి మీద పెట్టడమెందుకు? అదిగో కుర్చీ, కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. ఇప్పుడు ఆ ఇద్దరూ దేవుడి ఎదుటే పొద్దుటి కాఫీ తాగుతున్నారు. ఆయన చీజ్ కొయ్యడం కూడా నేర్చుకున్నారు.

కానీ మనసు ఊరుకోదు కదా. ఒకరోజు వెళ్ళి మేయరుతో, "ఆ పెట్టె ఖాళీదండీ" అన్నారు.

మేయరు గభాల్న తలుపు మూశారు. "నెమ్మదిగా మాట్లాడండి! బయట పెట్టె చూడ్డానికొచ్చిన జర్మన్ల బస్సు ఆగింది. పెట్టె మీరిచ్చిందే కావచ్చు, దాన్ని కించపరిచే హక్కు మాత్రం మీకు లేదు."

ఆ సాయంత్రమే, పెట్టె తెరవడం ఊరి గౌరవానికి భంగమని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. దొంగతనం దెబ్బకు పాపం నోటరీగారికి మతి చలించిందని కాఫీ కొట్లో నిర్ణయమైంది. ఆయన మొదట కుమిలిపోయారు. తర్వాత నొరీనాను పెళ్ళాడారు.

పెట్టె ముందు వరస ఇప్పుడు చర్చి మెట్లదాకా సాగుతోంది. కొందరు కళ్ళు మూసుకుని దణ్ణం పెడతారు. లోపలి దేవుడి మొహంలో కళ ఉట్టిపడుతోందని కొందరు సందర్శకుల పుస్తకంలో రాసి వెళ్ళారు. మొన్న ఆదివారం నేనూ పెట్టెతో ఫోటో దిగాను, బాగా వచ్చింది.

మీరెప్పుడైనా మొంటెరోస్కో వస్తే రెండూ చూడవచ్చు. చీజ్ కొట్లో టికెట్టు లేదు, రద్దీ లేదు, దేవుణ్ణి చేతిలోకి తీసుకోనిస్తారు. పెట్టె దగ్గర మాత్రం చాలాసేపు ఎండలో నిలబడాలి. అందుకే మీకోసం పెట్టె దగ్గరే చోటు పట్టి ఉంచమని చెప్పాను.