సీలు బాబు గుహ పెట్టె

బల్ల చుట్టూ చేరి, తలా ఒక వీరుడి వేషం కట్టి, పాచికలు వేస్తూ గుహలు గాలించే ఆటలున్నాయి. వాటి పాతకాలపు పెట్టెలు పోగెయ్యడం అతని పిచ్చి. ఆడడు. పైనున్న ప్లాస్టిక్ సీలైనా చింపడు. అందుకే చుట్టాలంతా సీలు బాబు అంటారు. ఏళ్ళ తరబడి అతను కలవరిస్తున్న డ్రాగన్ పెట్టె పళ్ళ డాక్టరు దగ్గరుంది. ఆ ఆదివారం తన గుహ పెట్టె ఇచ్చి దాన్ని పుచ్చుకోవాలి. డాక్టరు షరతు ఒక్కటే: సీలు చెక్కు చెదరకూడదు.

"డాక్టరుగారొస్తారు. గుహ పెట్టె బల్లమీద సిద్ధం చేసి ఉంచు," అని భార్యకి చెప్పి హెయిర్ కటింగ్‌కి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి సీలు చెత్తబుట్టలో ఉంది.

"ఎవరు విప్పారు?" ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"మీరేగా సిద్ధం చెయ్యమన్నారు? ఆటకి ముందు ఏమేం చెయ్యాలో లోపల రాసుంది. అమ్మా నేనూ అన్నీ చేశాం," అంది భార్య.

అన్నీ చేశారు! వీరుల బొమ్మలున్న అట్టని ముక్కలు ముక్కలుగా కత్తిరించారు. గుహ పటానికి మడతలున్నాయని ఇస్త్రీ కూడా చేశారు. లెక్కల టీచరుగా రిటైరైన అత్తగారు చావుకబురు చల్లగా చెప్పింది.

"పాచికల మీద అంకెలు కనబడట్లేదు అల్లుడుగారూ. పెట్టెలోనే మైనం పెన్సిలిచ్చాడు. అంకెల గాడుల్లోకి దిగేలా రుద్ది, పైన తుడిచాను. ఎంత బాగా కనబడుతున్నాయో చూడండి."

అరగని మైనం ముక్క ఉన్న పెట్టె కోసం సేకరించేవాళ్ళు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తారు. ఇప్పుడా మైనం సగం అత్తగారి గోళ్ళలో ఉంది.

సీలు బాబు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "రాసిందల్లా చేసెయ్యడమేనా? బుద్ధుండక్కర్లా?"

"మా అమ్మనంటారేం?" భార్య అంతకంటే గట్టిగా లేచింది. "మీ పెట్టెల కోసం బీరువా ఖాళీచేసి నా చీరలు మంచం కింద తోసుకున్నాను. ఒక్కరోజైనా ఆడారా? వాటిని చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది!"

సరిగ్గా అప్పుడే, చంకలో డ్రాగన్ పెట్టెతో డాక్టరు గుమ్మంలో నిలబడ్డాడు. బల్ల చూశాడు. మెల్లగా వచ్చి ఒక పాచిక వేశాడు. మళ్ళీ వేశాడు.

"ఇన్నేళ్ళూ కొనడమేగానీ, ఎప్పుడూ ఆడలేదండీ," అన్నాడు.

"కూర్చోండి. మంత్రగాడి వేషం ఖాళీగానే ఉంది," అంది అత్తగారు.

సాయంత్రానికి గుహ అయిపోయింది. చివర్న ఒక తలుపు. అక్కణ్ణించి ఆట తరవాతి భాగం డ్రాగన్ పెట్టెలో ఉంది; తలుపు వెనకేముందో తెలియాలంటే అది తెరవాలి. డాక్టరు సీలు కిందకి గోరు దూర్చాడు.

"వద్దు డాక్టరుగారూ! మీకు దణ్ణం పెడతాను!" అన్నాడు సీలు బాబు.

సీలు చర్రున చిరిగింది.

"మాట మాటే. ఇది మీదే," అంటూ డాక్టరు పెట్టెని అతని ముందుకి తోశాడు. "రండి, మీరూ ఆడండి."

ఏడుపు, కోపం కలిసొచ్చాయి. అయినా కూర్చున్నాడు. తలుపు తీసీ తియ్యగానే డ్రాగన్ నోట బూడిదైంది అతని వీరుడే. డ్రాగన్ తరఫున పాచిక వేసింది అత్తగారు.

అంకె మాత్రం స్పష్టంగా కనబడింది.