పద్మావతమ్మ గెలిచి తీరాలి

ఆ ఆదివారం పొద్దున జస్టిన్ ఒకే ఒక్క పని పెట్టుకున్నాడు. చర్చి అయ్యాక ఎవరో ఒకరిని పట్టుకుని ఫూస్‌బాల్ క్లబ్బులో చేర్పించాలి. ఖానాపురం హవేలి అనే పేటలో జిరాక్స్ షాపు పక్క గదిలో ఉంది ఆ క్లబ్బు. ఉన్నదల్లా ఒక బల్ల, దాని మీద కడ్డీలకు గుచ్చిన బొమ్మ ఆటగాళ్లు, వాళ్లను ఆడించే ముగ్గురు మనుషులు. పిడి తిప్పితే బొమ్మ బంతిని తన్నుతుంది. ముందు పది గోల్స్ వేసినవాళ్లు గెలిచినట్టు.

ముగ్గురిలో జస్టిన్ ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లర్కు, కళావతి స్టాఫ్ నర్సు. మూడో మనిషి హరిలాల్ షేర్ ఆటో నడుపుతాడు. బల్ల దగ్గర అతన్ని ఓడించినవాళ్లు ఇంతవరకు లేరు. చిక్కంతా అక్కడే వచ్చింది. కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరినీ హరిలాల్ పది-సున్నాతో ఓడించి, "రేపు మళ్ల రా" అనేవాడు. వాళ్లు ఆ వీధిలోకే రావడం మానేసేవాళ్లు.

గది యజమాని వెంకటరామారావు ముందురోజే వచ్చి చెప్పి వెళ్లాడు. "ఇంత గదిలో ముగ్గురే ఆడుకుంటున్నారేంటి బాబూ? ఈ నెల చూస్తాను. జనం రాకపోతే కర్రీ పాయింట్ వాళ్లకి ఇచ్చేస్తాను."

చర్చిలో జస్టిన్ అడిగినవాళ్లలో ఒక్కరూ రామన్నారు. ఉసూరుమంటూ వచ్చి గది తలుపు తీసేసరికి, యజమాని భార్య పద్మావతమ్మ కొత్తిమీర కట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"రోజూ టకటకమని ఒకటే చప్పుడు. ఏం ఆట బాబూ ఇది?" అంది.

"లోపలికి రాండ్రి ఆంటీ, మీరే ఆడి చూడుండ్రి," అని జస్టిన్ ఆమెకు కుర్చీ వేసి, హరిలాల్‌ను పక్కకు లాగాడు. "ఇయ్యాల్టి సంది ఒకటే రూల్. కొత్తోళ్లు గెలవాలె. గెలిస్తేనే మళ్ల వస్తరు. నువ్వు ఓడిపో."

"ఎట్ల ఓడిపోవాలె అన్నా? నాకు అలవాటు లేదు."

"గోల్ కాడి పిడి వదిలెయ్. గంతే."

హరిలాల్ పది-రెండుతో ఓడిపోయి, ఆముదం తాగినట్టు మొహం పెట్టాడు. పద్మావతమ్మ కొత్తిమీర అక్కడే మరిచిపోయి వెళ్లింది.

మర్నాడు ఆమె పక్కింటి ఇద్దరిని వెంటబెట్టుకొచ్చింది. వాళ్లూ గెలిచారు. రెండో వారానికి కొత్తవాళ్లు పదకొండు మంది అయ్యారు. హరిలాల్ నలభై ఒక్క ఆటలు ఓడిపోయాడు.

"ఆటో స్టాండుల తెలిస్తే నా ఇజ్జత్ పోతది," అన్నాడు.

"ఇంకో రెండు వారాలు ఓర్చుకో," అంది కళావతి.

మూడో వారం పద్మావతమ్మ గోడ మీద రాసి ఉన్న నంబరుకు ఫోన్ చేసి, కొత్తగూడెం క్లబ్బును మ్యాచ్‌కు పిలిచింది. "ఈ మధ్య హరిలాల్ బాగా తగ్గిపోయాడు కదా, జస్టిన్‌తో కలిసి నేనే ఆడతాను. చూడ్డానికి మా ఆయన కూడా వస్తున్నారు," అంది.

జస్టిన్ కళావతినీ హరిలాల్‌నూ పక్కకు పిలిచాడు. కొత్తగూడెం వాళ్లు ఆరితేరినవాళ్లు. భర్త ముందు చిత్తుగా ఓడితే ఆమె మానేస్తుంది. ఆమెతోపాటు మిగతా పదిమందీ, ఆ వెనకాలే గదీ పోతాయి. నిజం చెప్పి రమ్మని హరిలాల్‌ను పంపారు. అతను వెళ్లి, ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి, ఏమీ చెప్పకుండా వచ్చేశాడు.

చివరికి జస్టిన్ కొత్తగూడెం కెప్టెన్ ప్రభుకు ఫోన్ చేశాడు. "అన్నా, జర మీరు ఓడిపోవాలె."

"ఓడిపోనీకి గింత దూరం రావాల్నా?" అన్నాడు ప్రభు. బిర్యానీ మాట వచ్చాక ఒప్పుకున్నాడు.

ఆదివారం గది కిక్కిరిసింది. ఆట మొదలయ్యాక ప్రభు గోల్ వదిలేసి నిలబడ్డాడు. అయినా పద్మావతమ్మ బంతిని వెనక్కి తిప్పి సొంత గోల్‌లోకే కొట్టడం మొదలుపెట్టింది. జస్టిన్ తన జట్టు మనిషి కొట్టే బంతుల్నే ఒళ్లు హూనమయ్యేలా ఆపుకుంటూ, సందు దొరికినప్పుడల్లా అవతలి ఖాళీ గోల్‌లోకి కొడుతూ వచ్చాడు. ఆపగలిగినన్ని ఆపినా స్కోరు తొమ్మిది-తొమ్మిది అయింది.

"ఆ అబ్బాయి చేతులు జేబులో పెట్టుకున్నాడేంటి?" అన్నాడు వెంకటరామారావు, ప్రభును చూపిస్తూ.

పద్మావతమ్మ పిడి వదిలేసింది. "ఎంతదాకా వెళ్తారో చూద్దామని మన గోల్‌లోకి కొడుతున్నాను. ఇంక చాలు బాబూ. మొదటి రోజు హరిలాల్ పిడి వదిలేసి ఫ్యాన్ చూస్తున్నప్పుడే నాకు తెలిసిపోయింది."

జస్టిన్ తలవంచుకున్నాడు. "మరి రోజూ ఎందుకొచ్చిన్రు ఆంటీ?"

"నేను రావాలని ముగ్గురు ఇన్ని పాట్లు పడుతుంటే మానేయబుద్ధి కాలేదు. పైగా ఇక్కడ ఓ గంట హాయిగా నవ్వుకుంటున్నాం. మా వాళ్లందరికీ తెలుసు. చెబితే మీ మనసు నొచ్చుకుంటుందని ఊరుకున్నాం."

పక్కింటి ఇద్దరూ అవునని తలలూపారు. వెంకటరామారావు ఒకసారి గదినిండా ఉన్న జనాన్ని చూసి, కర్రీ పాయింట్ వాళ్లకు వేరే గది చూపిస్తానన్నాడు.

"ఇప్పుడు నిజంగా ఆడు హరిలాల్," అంది పద్మావతమ్మ.

హరిలాల్ ఈ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. చొక్కా చేతులు పైకి మడిచి బల్ల దగ్గరికి వచ్చాడు. కానీ బంతి గోల్ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ అతని చెయ్యి దానంతటదే పిడి వదిలేసింది. ఇన్ని రోజులు రోజూ ఆడిన పద్మావతమ్మ చెయ్యి బాగా తిరిగింది. పది-ఎనిమిదితో ఆమే గెలిచింది.

హరిలాల్ కండువాతో మొహం తుడుచుకున్నాడు. "కావాలనే వదిలేసిన," అన్నాడు.

ఈసారి మాత్రం ఎవరూ నమ్మలేదు.