వెనక సీటు మేడమ్

ఆ రోజు పొద్దున వాళ్ళు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు గంటలకి ఆసుపత్రి లాండ్రీలో ఇస్త్రీ అక్కకి వీడ్కోలు సభ. ముప్పై ఒక్క సంవత్సరాలుగా దుప్పట్లూ, దిండు గలీబులూ, డాక్టర్ల తెల్లకోట్లూ ఇస్త్రీ చేసి, ఆసుపత్రి అంతటికీ ఆ పేరుతోనే తెలిసిన మనిషి ఆవిడ. ఆఖరి రోజు కూడా ఆవిడని బస్సులో పంపేది లేదని భర్త పట్టుబట్టాడు. కారులో తీసుకెళ్తానన్నాడు. తొమ్మిదింటికల్లా బయలుదేరాలన్నాడు.

"అరగంట దారికి రెండు గంటల ముందెందుకండీ?" అంది ఆవిడ.

"కారు కదా!" అన్నాడాయన.

ఆ మాటకి అర్థమేమిటో ఆ ఇంట్లో ఇద్దరికీ తెలుసు. ఆయన ఇరవై రెండేళ్ళు ఒక కంపెనీ యజమాని దగ్గర డ్రైవరుగా పనిచేశాడు. చివరి పదకొండేళ్ళూ నడిపింది ఈ పెద్ద నల్ల కారునే. యజమాని పోయాక పిల్లలు దాన్ని అమ్మకానికి పెడితే, రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బు పెట్టి ఆయనే కొనేశాడు. అంత గొప్ప కారు అంత చవగ్గా వచ్చిందని మురిసిపోయాడు. ఎందుకంత చవగ్గా వచ్చిందో మొదటి నెలలోనే తెలిసింది.

ఆ కారుకి స్ప్రింగుల బదులు గాలి తిత్తులుంటాయి. అందులో ఒకటి చిల్లుపడి, పొద్దున్నే తలుపు తీసి చూస్తే కారు ఒక పక్కకి ఒరిగి, మోకాళ్ళ నొప్పులవాళ్ళు మెట్టు మీద చతికిలబడ్డట్టు కూర్చుని ఉండేది. దాన్ని లేపడానికైన ఖర్చుతో ఇంట్లో ఇద్దరి మోకాళ్ళకీ వైద్యం చేయించుకోవచ్చు. రెండో నెల హెడ్‌లైటు పోయింది. ఒక్క లైటు వెల వాళ్ళ ఫ్రిజ్ కంటే ఎక్కువ. కారుకి కొత్త కన్ను వచ్చింది గానీ, ఆయన కళ్ళజోడుకి విరిగిన పుల్ల స్థానంలో దారమే గతయింది. ఆరు నెలలుగా ఇదే వరస. ఇస్త్రీ అక్క గొణగలేదు, సణగలేదు. ఒక్కసారి మాత్రం, "ఇద్దరు పిల్లల్ని చదివించాం గానీ, ఇన్ని ఫీజులు కట్టినట్టు గుర్తులేదండీ" అంది.

ఆ పొద్దున ఆవిడ గంజిపెట్టిన బట్టలు కట్టుకుని ముందు తలుపు దగ్గరికి నడిచింది. ఆయన గబగబా వచ్చి వెనక తలుపు తెరిచి, ఆవిడ తలకి తగలకుండా పైన చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు.

"ముందు కూచుంటానండీ. కబుర్లు చెప్పుకుంటూ పోవచ్చు."

"ఇవాళ నీ రోజు. పెద్దవాళ్ళు వెనకే కూచుంటారు. ఎక్కు."

ఆవిడ ఎక్కింది. బంకులో ఆగి, ఆయనే దిగి దగ్గరుండి పెట్రోలు పోయించాడు. పక్క బండివాడికి కూడా 'మా ఆవిడకి ఇవాళ సన్మానం' అని చెప్పి మరీ బయలుదేరాడు. రెండు వీధులు దాటారో లేదో, ఆయన ఎదురుగా పసుపుపచ్చ దీపం ఒకటి వెలిగింది. ఆయన మొహంలో వెలుగు పోయింది.

"ఏమైందండీ?"

"ఇంజను దీపం. ఇది వెలిగితే నడపకూడదు. దారిలోనే కంపెనీ సర్వీసు సెంటరుంది. ఊరికే అడిగి వద్దాం. అడిగినందుకు డబ్బులు తీసుకోరుగా!"

సర్వీసు సెంటరు నేల మీద మనిషి మొహం కనిపిస్తోంది. కారు ఆగీ ఆగగానే, టై కట్టుకుని చేతిలో పలకలాంటి ఫోను పట్టుకున్న అడ్వైజరు పరుగున వచ్చి వెనక తలుపు తెరిచాడు. "రండి మేడమ్! లోపల చల్లగా కూర్చోండి" అని, ఆయన వైపు తిరిగి, "డ్రైవర్ల గది వెనక పక్కన. టీ ఉంటుంది" అన్నాడు.

ఇస్త్రీ అక్క నోరు తెరిచేలోపే ఆయన తాళం అడ్వైజరుకి అందించి వెనక పక్కకి నడిచి వెళ్ళిపోయాడు. ఇరవై రెండేళ్ళ అలవాటు. ఆయన్ని అడక్కుండానే కాళ్ళు అటు తిరిగాయి.

ఆవిడని మెత్తటి సోఫాలో కూర్చోబెట్టి పళ్ళరసం ఇచ్చారు. ఆయన్ని పిలవమందామంటే ఎవరూ ఒక్క నిమిషం నిలబడటం లేదు. పోనీలే, అక్కడ టీ అన్నా దొరుకుతుంది కదా అనుకుంది. కిటికీ తెరలు ఎవరు ఇస్త్రీ చేశారోగానీ అంచులన్నీ వంకరగా ఉన్నాయని లోపల్లోపల బాధపడుతూ ఉండగా అడ్వైజరు తిరిగొచ్చాడు.

"మేడమ్, ముందు బ్రేకు ప్యాడ్లు అరిగాయి."

"అలాగే" అంది ఆవిడ.

"ఇంజను మౌంట్లు మెత్తబడ్డాయి."

"అలాగే."

"ఏసీ కంప్రెసరు కూడా మార్చాల్సిన టైమొచ్చింది."

"అలాగే నాయనా."

ఇది ఆవిడకి అలవాటైన పద్ధతి. వార్డు నుంచి మూట తెచ్చినవాళ్ళు 'దుప్పట్లు నలభై, గలీబులు అరవై' అని చదువుతుంటే ప్రతి వరసకీ 'అలాగే' అనడం లాండ్రీలో ముప్పై ఏళ్ళుగా ఆవిడ పని. 'విన్నాను' అని దాని అర్థం. పాపం ఇతను కూడా ఎంత ఓపిగ్గా లెక్క చెబుతున్నాడో అనుకుంది. పద్నాలుగు వరసలు చదివాడు. పద్నాలుగుసార్లు 'అలాగే' అంది. అతను ప్రతిసారీ పలక మీద వేలితో టిక్కు పెట్టుకుని, వంగి నమస్కరించి వెళ్ళిపోయాడు.

ముప్పావుగంట గడిచింది. సన్నమీసాల డ్రైవరొకడు గది గుమ్మంలో నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"మేడమ్, ఏమీ అనుకోకండి. మీ దగ్గర ఇంకో డ్రైవరుకి ఖాళీ ఉందేమోనని..."

"నా దగ్గరా? ఎవరు చెప్పారు?"

"మీ డ్రైవరన్న మీ గురించి చెప్తుంటే విన్నాం మేడమ్. రోజూ మీ చేత్తోనే వండి పెడతారటగా! జ్వరమొస్తే రాత్రంతా పక్కనే కూచుంటారటగా! మరి జీతం టైముకి ఇస్తుందా అని అడిగితే, 'లేదు, నా జీతమే ఆవిడ తీసుకుంటుంది, ముప్పై నాలుగేళ్ళుగా ఒక్క నెల కూడా నేను అడగలేదు' అన్నాడు. అంత నమ్మకం మేడమ్! కోప్పడుతుందా అంటే, 'కోప్పడుతుంది గానీ మొహం తిప్పుకుని నవ్వుతుంది' అన్నాడు."

ఇస్త్రీ అక్క మొహం తిప్పుకుంది.

"ఒక్కటి మాత్రం మాకెవరికీ అర్థం కాలేదు మేడమ్. ఒకసారి వానలో మీరు బస్సు కోసం నిలబడి తడుస్తుంటే, ఇదే కారు నడుపుతూ పక్కనుంచే వెళ్ళిపోవాల్సొచ్చిందట. వెనక యజమాని ఉన్నాడట. ఆపే హక్కు నాకు లేకపోయింది అన్నాడు. అద్దంలో మీరు చిన్నగా అయిపోయేదాకా చూస్తూనే ఉన్నాడట. మేడమ్ మీరైతే, ఆ యజమాని ఎవరు మేడమ్?"

అది ఏ వానో ఆవిడకి గుర్తులేదు. ఇన్నేళ్ళ బస్సు ప్రయాణాల్లో ఎన్ని వానలు! పక్కనుంచి ఏ కార్లు పోయాయో ఎవరు చూశారు? ఆయనకి మాత్రం ఆ ఒక్క వాన అలాగే ఉండిపోయింది. ఆరు నెలలుగా ఇద్దరూ కడుపు కట్టుకుని ఆ కారుని ఎందుకు మేపుతున్నారో ఆవిడకి ఇప్పుడు తెలిసింది. పళ్ళరసం గ్లాసు కింద పెట్టి లేచింది.

అప్పుడే అడ్వైజరు పలక పట్టుకొచ్చి మొత్తం చూపించాడు. ఆ అంకె, కారు కొన్న ధరని పలకరించి, దాటుకుని ముందుకెళ్ళిపోయింది. "మీరు సరే అన్నారుగా మేడమ్, అప్పుడే పని మొదలుపెట్టేశాం" అన్నాడు సంతోషంగా.

"ఆయన ఎక్కడున్నారు?" అంది ఆవిడ.

"సారా? సార్ కూడా వచ్చారా మేడమ్?"

ఆవిడ డ్రైవర్ల గది వైపు నడుస్తుంటే, వెనక అడ్వైజరు, అతని వెనక సన్నమీసాల డ్రైవరు. గదిలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్న ఏడెనిమిది మంది డ్రైవర్లు మేడమ్‌ని చూసి ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. టీ గ్లాసు పట్టుకుని ఆయన కూడా లేచాడు.

"మీరెందుకు లేచారండీ?" అంది ఆవిడ.

ఆయన తడబడ్డాడు. "అందరూ లేచారు కదా..."

"కూచోండి" అని ఆయన పక్క కుర్చీలో తనూ కూర్చుంది. "మీరూ కూచోండి నాయనా. ఈయన మా ఆయన. కారు ఈయనదే. నేను ఆసుపత్రిలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తాను."

సన్నమీసాల డ్రైవరే ముందు తేరుకుని, "అయితే ఖాళీ లేదన్నమాట" అన్నాడు.

అడ్వైజరు మొహం తెల్లబోయింది. పలక చూసి ఆయన మొహం అంతకంటే తెల్లబోయింది. "ఇవన్నీ ఎవరు చెయ్యమన్నారు?"

"మేడమ్ పద్నాలుగింటికీ అలాగే అన్నారు సార్."

"ఆవిడ అందరికీ అలాగే అంటుందయ్యా! నాకు తప్ప."

అందరూ షెడ్డులోకి పరుగెత్తారు. కారు గాల్లో ఉంది. చక్రాలు నాలుగూ లేవు, ముందు భాగం విప్పి నేల మీద పరిచి ఉంది. ఆయన దాని కిందకి వెళ్ళి నిలబడి, ఆపరేషను గదిలో ఉన్న అయినవాళ్ళని చూసినట్టు పైకి చూశాడు. ఇంతలో పెద్ద మెకానిక్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఆ దీపానికి కారణం దొరికింది. పెట్రోలు టాంకు మూత సరిగ్గా బిగించలేదు. మిగతావన్నీ పాతబడ్డవే గానీ, ఆ దీపానికీ వాటికీ సంబంధం లేదు."

ఆయన తల వంచుకున్నాడు. పదకొండేళ్ళలో ఎప్పుడూ ఆ మూత మర్చిపోలేదు. "నీకు సన్మానమని వాడికీ వీడికీ చెబుతూ..." అన్నాడు భార్యతో, చిన్నగా.

"పోన్లెండి. మూత తిప్పడమేగా" అంది ఆవిడ.

గోల విని మేనేజరమ్మ వచ్చింది. సంతకం ఎక్కడ అని అడ్వైజరుని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. అతను పలకని వెనక్కి దాచుకున్నాడు. సంతకం లేకుండా విప్పారు కాబట్టి సాయంత్రానికల్లా ఉచితంగా బిగించి ఇస్తామంది. బ్రేకు ప్యాడ్లు మాత్రం మార్చమన్నాడాయన. వారం నుంచి అవి కీచుమంటున్న మాట నిజమే. అప్పటికి టైము పదీ ముప్పావు. పదకొండింటికి వీడ్కోలు సభ ఉందని తెలిసి మేనేజరమ్మ కంగారుపడి, షోరూములోని సరికొత్త కారునీ కంపెనీ డ్రైవరునీ ఇచ్చి పంపింది.

ఆయన అలవాటు కొద్దీ స్టీరింగు వైపు వెళ్ళాడు. కంపెనీ డ్రైవరు వినయంగా, "సార్, మీరు వెనక" అని తలుపు తెరిచాడు. జీవితంలో మొదటిసారి ఆయన అలాంటి కారు వెనక సీట్లో భార్య పక్కన కూర్చున్నాడు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి బిగుసుకుపోయి ఉంది.

"హాయిగా వెనక్కి వాలండీ."

"వాలాను. బాబూ, ఎడమ పక్క సైకిలు. చూశావా? బ్రేకు ముందు నుంచే మెల్లగా తొక్కాలి. అదిగో, ఆ లారీ ఆగుతుంది చూడు." మాటతోపాటు ఆయన కుడికాలు ముందు సీటు కింద లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది. మొదటి సిగ్నలు దగ్గర కంపెనీ డ్రైవరు నవ్వాడు. రెండో సిగ్నలు దగ్గర చెమట తుడుచుకున్నాడు. మూడో సిగ్నలు దాటాక బండి పక్కకి ఆపి, దిగి, తాళం ఆయన చేతిలో పెట్టాడు.

"మీరే నడపండి సార్. నాక్కూడా కాస్త విశ్రాంతి."

అతను వెనక సీట్లోకి చేరాడు. ఆయన స్టీరింగు ముందు కూర్చుని బండి కదిలించేలోపే ఇస్త్రీ అక్క తలుపు తెరుచుకుని, అడక్కుండానే ముందుకొచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఆయన తాళం తిప్పాడు. బ్రేకు ముందు నుంచే మెల్లగా తొక్కుతూ, దారంతా ఒక్క కుదుపు లేకుండా నడిపాడు. ఆవిడ దారంతా కబుర్లు చెప్పింది. వాన సంగతి మాత్రం ఎత్తలేదు.

పదకొండుకి రెండు నిమిషాలుండగా కారు ఆసుపత్రి మెట్ల ముందు ఆగింది. లాండ్రీవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. అంత పెద్ద కారు చూసిన తొందరలో సూపరింటెండెంటుగారు మెట్లు దిగి వచ్చి, వెనక తలుపు తెరిచి, పూలగుత్తిని లోపల కునికిపాట్లు పడుతున్న కంపెనీ డ్రైవరు చేతిలో పెట్టి, ముప్పై ఒక్క సంవత్సరాల సేవకి కృతజ్ఞతలు చెప్పారు.

ఇచ్చిన పూలు వెనక్కి అడిగితే బాగుండదని, ఎవరూ అడగలేదు.