నీలం డ్రమ్ములో పార్సిల్

భార్య సంధ్యారాణి చెల్లెలి పెళ్లిపనులకు కంగ్టి బస్సెక్కగానే, విత్తనాల దుకాణం నడిపే సంగమేశ్వర్ తన ఏర్పాటు మొదలుపెట్టాడు. పెళ్లి ఫొటోల కోసం రహస్యంగా తెప్పిస్తున్న విగ్గు ఆ రోజే రానుంది. దుకాణానికి రప్పిస్తే రైతుల ముందు విప్పాలి. ఇంట్లో తల్లి సిద్దమ్మ చేతికి అందితే వాడంతటికీ తెలుస్తుంది. అందుకని గేటు బయట ఖాళీగా ఉన్న నీలం డ్రమ్మును కడిగి, దాని మీద సుద్దతో "ఇందులో వేయగలరు" అని రాసి వెళ్లాడు.

పదకొండింటికి, పార్సిల్ డ్రమ్ములో వేసినట్టు ఫోనుకు ఫొటో వచ్చింది. భోజనానికి వచ్చి చూస్తే డ్రమ్ము అడుగున ఉల్లిపొట్టు తప్ప ఏమీ లేదు.

ఎదురింటి గ్రేసమ్మ వాకిట్లో బియ్యం ఏరుతోంది.

"గీ డ్రమ్ముల చెత్త ఎవరేసిండ్రు?" అన్నాడు సంగమేశ్వర్.

"అందరం ఏసినం. ఎయ్యమని రాసి ఉండె కద. గిప్పుడే చెత్తబండి తోమా వచ్చి ఎత్తుకపోయిండు."

సంగమేశ్వర్ నేరుగా చెత్త కాంట్రాక్టరు గోవర్ధన్ ఆఫీసుకు వెళ్లి, తోమా తన పార్సిల్ దొంగిలించాడని రాసిచ్చాడు.

"ఏముండె అండ్ల?" అన్నాడు గోవర్ధన్.

విగ్గు అనడానికి నోరు రాలేదు. "మా అమ్మ మందులు. గుండెకు."

గోవర్ధన్ వెంటనే తోమాకు ఫోన్ చేసి పనికి రావద్దన్నాడు. మిగతా ఆరుగురు పనివాళ్లను చెత్తకుప్ప దగ్గరికి తరిమాడు. "ముసలవ్వ పానం సంగతి. జల్దీ దేవులాడుండ్రి."

సంగమేశ్వర్ ఇంటికొచ్చేసరికి గేటు దగ్గర తోమా నిలబడి ఉన్నాడు. సిద్దమ్మ ఒడిలో విప్పిన అట్టపెట్టె ఉంది.

"పైన పేరు పులుసుల తడిసి పోయింది సార్," అన్నాడు తోమా. "గీ డ్రమ్ముల దొరికిందని యాదికొచ్చి తెచ్చిన."

సిద్దమ్మ నల్లటి విగ్గును పైకెత్తింది. "నా గుండె మందులు పోయినయట, ఎట్లున్నవని ఎవరో గోవర్ధన్ ఫోన్ చేసిండు కొడుకా. గిది మింగాల్నా, నూరుకొని తాగాల్నా?"

తోమా నవ్వలేదు. తల దించుకున్నాడు. నవ్వి ఉంటే బాగుండేదనిపించింది సంగమేశ్వర్‌కు.

"నిన్ను పనికి రావద్దన్నరా?"

"అవును సార్. ఎందుకో చెప్పలే."

సంగమేశ్వర్ అతన్ని బండి మీద ఎక్కించుకుని ఆఫీసుకు తీసుకుపోయాడు. అక్కడ మోచేతుల దాకా మురికితో ఆరుగురూ నిలబడి ఉన్నారు. వాళ్లలో రోజ ముందుకొచ్చింది. "మందులు దొరకలే అన్నా. అవ్వకు ఏం గాదు, పొద్దుగూకే దాంక మళ్ల చూస్తం."

సంగమేశ్వర్ అందరి ముందూ ఉన్నదంతా చెప్పేశాడు. గోవర్ధన్ తోమాను పనిలోకి పొమ్మని, ఫిర్యాదు వాపసు కాగితం సంగమేశ్వర్ ముందు పెట్టాడు.

కారణం అన్న చోట సంగమేశ్వర్ గబగబా "విగు" అని రాస్తే, గుమాస్తా ఒత్తు మరిచారని దిద్ది ముద్ర వేశాడు.